నేను టెన్షన్ హార్మోన్‌ని మాత్రగా మింగుతాను

"కార్టిసాల్ తగ్గించుకోండి" అని ఎవరైనా సలహా ఇస్తుంటే నాకు నవ్వొస్తుంది. నా ఒంట్లో ఆ టెన్షన్ హార్మోన్ తయారే కాదు.

నీరసంతో మొదలైంది. ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను, మంచం మీంచి లేస్తే కళ్లు బైర్లు కమ్మేవి, అరచేతి గీతలు సిరా పూసినట్టు నల్లబడ్డాయి. ఎవరూ లేనప్పుడు ఉప్పు చేతిలో పోసుకుని నాకేదాన్ని (ఇప్పటికీ చెప్పుకోవాలంటే సిగ్గే). అందరూ టెన్షన్ పెట్టుకోకు అన్నవాళ్లే, ఒక డాక్టరైతే నిద్రమాత్రలు రాశాడు.

తర్వాత ఓ మామూలు జ్వరం. రెండు రోజుల వాంతులకే బీపీ పై అంకె 70కి పడిపోయింది. ఎమర్జెన్సీలో డాక్టరమ్మ నా అరచెయ్యి తిప్పి చూసింది, పెదవి కిందికి లాగి చిగుళ్లు చూసింది, "ఉప్పు తినాలనిపిస్తుందా?" అంది. తలూపాను. రక్తం తీయించి, రిపోర్టు కోసం ఆగకుండా 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ (మందు రూపంలో ఉండే కార్టిసాలే) ఇంజెక్షన్ చేసి సెలైన్ ఎక్కించింది. సాయంత్రానికి లేచి కూర్చున్నా.

అడిసన్స్ వ్యాధి అట. 1855లో థామస్ అడిసన్ అనే డాక్టరు దీని గురించి రాశాడు. ఒంటికి కష్టమొచ్చినప్పుడు మెదడులోని హైపోథాలమస్ అనే భాగం దాని కిందే ఉండే పిట్యూటరీ గ్రంథికి కబురు పెడుతుంది, అది ఏసీటీహెచ్ అనే హార్మోన్ వదులుతుంది, దాంతో కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ ఇస్తాయి, బీపీనీ రక్తంలో చక్కెరనీ పడిపోకుండా నిలబెట్టేది అదే. నా ఇమ్యూనిటీయే ఆ గ్రంథుల పైపొరను తినేసింది. ఎంత పిలిచినా పలకకపోయేసరికి పిట్యూటరీ ఏసీటీహెచ్ ఇంకా ఇంకా వదిలింది, అది చర్మానికి రంగునిచ్చే కణాలనూ రెచ్చగొడుతుంది, నలుపు అందుకే. ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ తయారయ్యేదీ ఆ పైపొరలోనే, అది కూడా లేక ఉప్పంతా మూత్రంలో పోయేది. ఇంక నాకక ఏం చేస్తాను!

ఇప్పుడు రోజుకు 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్, పొద్దున ఎక్కువ, తర్వాత తక్కువ, ఎందుకంటే అసలు గ్రంథి ఇచ్చేదీ అలాగే. ఉప్పు కోసం ఫ్లూడ్రోకార్టిసోన్. జ్వరమొస్తే డోసు రెట్టింపు, వాంతులైతే ఇంజెక్షన్ చేసుకుని ఆసుపత్రికి పరుగు. ఒకటే చిరాకు, పిట్యూటరీ చేయాల్సిన లెక్కలన్నీ నేనే వేసుకోవాలి.

పోయిన నెల పన్ను పీకించుకునే ముందు, మా డాక్టరు చెప్పినట్టే, అదనంగా ఒక మాత్ర వేసుకున్నా. డెంటిస్టు చూసి "ఏంటమ్మా, టెన్షన్‌గా ఉందా?" అన్నాడు.

"లేదండీ, రాదనే వేసుకుంటున్నా" అన్నాను.