గంట తర్వాత వచ్చిన రెండో గీత

పొద్దున ఐదు నిమిషాలు చూసి, ఒకటే గీత ఉందని డస్ట్‌బిన్‌లో పడేసిన ప్రెగ్నెన్సీ టెస్ట్ స్ట్రిప్‌ని గంట తర్వాత మళ్లీ బయటికి తీశాను. అవును, తీశాను, నవ్వుకోండి.

చూస్తే రెండో గీత! సన్నగా, బూడిద రంగులో. కిటికీ దగ్గర ఒకసారి, టార్చ్ వేసి ఒకసారి, ఫొటో తీసి జూమ్ చేసి ఇంకోసారి చూశాను. మా ఆయన్ని లేపి చూపిస్తే "ఎక్కడ?" అన్నాడు.

అప్పుడు కూర్చుని చదివా, ముందే చదవాల్సింది. ఆ రెండో గీత ఉండే చోట, గర్భం వస్తే తయారయ్యే హెచ్‌సీజీ హార్మోన్‌ని పట్టుకునే యాంటీబాడీలు అతికించి ఉంటాయి. మూత్రం స్ట్రిప్ వెంట పాకుతూ రంగు కణాలు అంటించిన ఇంకొన్ని యాంటీబాడీలని మోసుకెళ్తుంది, హార్మోన్ ఉంటే రెండిటి మధ్యా ఇరుక్కుని రంగు అక్కడే నిలిచిపోతుంది. లేకపోతే ఆగకుండా దాటిపోయి టెస్ట్ పనిచేసిందని చూపే మొదటి గీత (కంట్రోల్ గీత) దగ్గర పట్టుబడుతుంది. నాది ఆ రంగు పట్టని బూడిద గీత. తడి ఆరాక మిగిలిన మరక అంతే. చెప్పిన టైమ్ దాటాక చూడొద్దనేది ఇందుకేనట.

పైగా పీరియడ్ డేట్‌కి నాలుగు రోజుల ముందే చేసేశాను. పిండం గర్భాశయానికి అంటుకున్నాకే ఆ హార్మోన్ మూత్రంలోకి వచ్చేది, మొదట్లో రెండు మూడు రోజులకి రెట్టింపవుతుంది. అంటే ఈ రోజు లేదన్నది కూడా పూర్తిగా లేదని కాదు. ఇదే ఎక్కువ టెన్షన్.

ఇంకో స్ట్రిప్ అల్మారాలో ఉంది. శుక్రవారం దాకా ముట్టుకోనని మాటిచ్చాను. గురువారం రాత్రి పన్నెండు దాటితే శుక్రవారమే కదా?