రాడారుకు అందని మా ఊరు

మస్కట్‌లో నా పని సర్వే. 2008లో హెల్పర్‌గా వచ్చి కొలతకు గురిగా నిలబెట్టే ప్రిజం అద్దం పట్టుకున్నాను, ఇప్పుడు దూరాలూ ఎత్తులూ కొలిచే టోటల్ స్టేషన్ వెనక నిలబడుతున్నాను. ఎక్కువగా రోడ్లు. ఇక్కడ రోడ్డుకు పెద్ద శత్రువు వాడి. వాడి అంటే మన వాగే, కాకపోతే ఏడాదంతా ఎండిపోయి ఉంటుంది. ఎక్కడో హజర్ కొండల్లో వాన పడితే, మబ్బు తునక కూడా లేని మన సైటు మీదికి వరద వచ్చి పడుతుంది. కల్వర్టు ఎంత పెద్దది కట్టాలో తేల్చాలంటే ఏ కొండ నీళ్ళు ఎటు దిగుతాయో తెలియాలి.

ఆ కొండలన్నీ ఎక్కి కొలిచేదెవరు? డిజైన్ ఆఫీసులో ఒక ఎత్తుల పటం తెరిచారు. ఇదంతా ఎవరు కొలిచారు సార్ అని అడిగితే, మా కేరళ సీనియర్ వేలు పైకి చూపించాడు.

2000 ఫిబ్రవరి 11న ఎండీవర్ అనే అంతరిక్ష షటిల్‌లో ఆరుగురు బయల్దేరారు. వెళ్ళింది మన నేల ఎత్తుపల్లాలు కొలవడానికే. సుమారు 233 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, ఒక రాడారు యాంటెన్నా షటిల్‌లో, రెండోది 60 మీటర్ల కడ్డీ చివర పెట్టి చూశారు. రెండు కళ్ళుంటేనే కదా మనకు దూరం అందేది, ఇదీ అంతే. రాడారుకు చీకటీ మబ్బూ అడ్డం కావు. అందుకే రెండు జట్లుగా, మా సైటులో లాగానే పన్నెండు గంటల షిఫ్టులు చేశారు. 22న దిగేసరికి భూమ్మీది నేలలో దాదాపు 80 శాతం కొలత పూర్తయింది.

నాకు అన్నిటికన్నా ఆ కడ్డీ సంగతే గొప్పగా అనిపిస్తుంది. రెండు మీటర్ల ప్రిజం పోల్ గాలికి కాస్త ఊగితేనే మా రీడింగ్ పోతుంది. వాళ్ళది 60 మీటర్లు. దాని చివర ఉన్న చిన్న గ్యాస్ జెట్టు పనిచేయలేదు, నిలకడ కోసం షటిల్ ఇంధనం అనుకున్నదానికన్నా ఎక్కువ ఖర్చయింది. పొదుపు చేసుకుంటూ నెట్టుకొచ్చారు. కక్ష్య సరిదిద్దాలంటే ఇంజన్ కొట్టాలి, కొడితే కడ్డీ ఊగుతుంది. అందుకని ముందు కొద్దిగా కొట్టి, కడ్డీ వెనక్కి వంగి మళ్ళీ నిలువుకు వచ్చే అదను చూసి అసలు దెబ్బ వేసేవాళ్ళు. గాలం విసిరేటప్పుడు కర్ర వంపు చూసుకునే మా కృష్ణ ఒడ్డు బెస్తోళ్ళకు చెబితే వెంటనే అర్థమవుతుంది.

నిటారు కొండల్లో, ఇసుక దిబ్బల్లో ఆ పటానికి కొలత అందని చిల్లులున్నాయి. అట్లాంటి ఒక చిల్లు మా రోడ్డు దారిలోనే పడింది. నాలుగు రోజులు నీళ్ళ డబ్బా మోసుకుంటూ ఎక్కి ఆ పాయింట్లు నేనే నింపాను.

మొదట్లో మాకు దొరికింది 90 మీటర్లకు ఒక పాయింటు. 2014 తర్వాత 30 మీటర్లది అందరికీ ఇచ్చారు. అది చేతికొచ్చిన రాత్రి రూములో కూర్చుని మా పాలమూరు వెతికాను. నల్లమల కనిపించింది, కొల్లాపూర్ కనిపించింది. దాని అవతల కృష్ణ దగ్గర కాంటూర్లు, అంటే ఎత్తు చూపే గీతలు, ఆగిపోయాయి. ఎక్కడ నొక్కినా ఒకటే ఎత్తు. శ్రీశైలం నీళ్ళు. రాడారు నీళ్ళలోకి పోదు, అందుకే చెరువులనూ రిజర్వాయర్లనూ చదునుగా సరిచేసి పెట్టారు. మా నాయిన పుట్టిన ఊరు ఆ చదును కింద ఉంది.

ఫోన్ చేశాను.

"నాయినా, భూమినంత కొలిచిన్రు, మనూరు మాత్రం దొరుకుతలేదు."

"నీళ్ళ కిందున్నదాన్ని పైనుంచి ఎట్ల చూస్తరు బిడ్డా? ఏం గావాల్నో నన్నడుగు."

కాగితం తీసుకున్నాను. ఊరికి ఎత్తు ఎటువైపు అంటే గుడి వైపన్నాడు. గుడి వెనక చింతతోపు, అక్కడి నుంచి వాగు ఎడమకు. గీస్తూ పోయాను.

"మనింటికాడికెల్లి రేవుకు ఎంత దిగుడుండె నాయినా?"

కొంచెంసేపు మాట్లాడలేదు.

"దిగుడు నాకేమెర్క. నిండు బిందెతోని పైకొచ్చేటప్పుడు మా అవ్వ మూడుసార్లు ఆగుతుండె."

రేవు నుంచి ఇంటి దాకా గీత గీసి, దాని మీద మూడు చుక్కలు పెట్టాను.