ఎ, టి సమానం కాలేదు

నిన్న రాత్రి ఒక చిన్న లెక్క దగ్గర రెండు గంటలు ఆగిపోయాను. బ్యాక్టీరియాకు సోకే ఫై ఎక్స్ 174 అనే వైరస్ డీఎన్ఏ సీక్వెన్స్ తీసుకుని, ఏ బేస్ (డీఎన్ఏలోని నాలుగు 'అక్షరాల్లో' ఒకటి) ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాను. మొత్తం 5386. అడినిన్ (ఎ) 1291, థైమిన్ (టి) 1684, గ్వానిన్ (జి) 1254, సైటోసిన్ (సి) 1157.

ఎ ఎంతో టి అంతే, జి ఎంతో సి అంతే. ఇంటర్ నుంచీ చదువుతున్న చార్గాఫ్ సూత్రం ఇది. మరి ఇక్కడ దాదాపు 400 తేడా! ప్రోగ్రామ్‌లో తప్పుందేమోనని టెన్షన్ పట్టుకుంది. ఎన్నిసార్లు రన్ చేసినా అవే అంకెలు.

చివరికి తట్టింది. మామూలు డీఎన్ఏలో రెండు పోగులుంటాయి, ఒకదానిలోని ఎకి ఎదురుగా రెండోదానిలో టి, జికి ఎదురుగా సి జత కడతాయి. ఈ వైరస్ డీఎన్ఏకి ఉన్నది ఒకటే పోగు. జత కట్టే ఎదురు పోగే లేనప్పుడు ఎ, టి సమానంగా ఎందుకుండాలి? ఇది ఒంటి పోగు డీఎన్ఏ అని శాస్త్రవేత్త సిన్‌షైమర్ 1959లోనే ప్రచురించారు. ఈ తేడా కూడా ఆయనకు ఒక ఆధారం.

నమ్మకం కుదరక, అదే ప్రోగ్రామ్‌తో ఎదురు పోగును రాయించి రెండూ కలిపి లెక్కేశాను. బ్యాక్టీరియా లోపలికి వెళ్లాక ఈ డీఎన్ఏ నిజంగా చేసేదీ అదే, ముందు జంట పోగుగా మారుతుంది. ఎ 2975, టి 2975. జి 2411, సి 2411. ఒక్క అంకె కూడా తేడా లేదు! ఎంత సంతోషమేసిందో. ఇంకా నిద్ర పట్టలేదు.