సి డ్రైవ్ ఎర్రబడిందా? డిలీట్ కొట్టే ముందు కొలవండి

‘దిస్ పీసీ’ తెరిస్తే సి డ్రైవ్ గీత ఎర్రగా కనిపిస్తోందంటే, ఖాళీ 10 శాతం లోపుకి వచ్చేసిందని అర్థం. 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటర్లలో ఇది త్వరగానే వస్తుంది. పైగా విండోస్‌లో ఆ డిస్కు 238 జీబీగానే కనిపిస్తుంది. తయారీదారు 1000తో లెక్కేస్తాడు, విండోస్ 1024తో లెక్కేస్తుంది, తేడా అంతే.

ఎర్రగీత చూడగానే చాలామంది పిల్లల ఫోటోలు తీసేయడం మొదలుపెడతారు. దయచేసి ఆగండి. 4 ఎంబీల ఫోటోలు 500 తీసేసినా వచ్చేది 2 జీబీ. చోటు తినేది మామూలుగా నాలుగైదు పెద్ద ఫైళ్లే, వాటిని ముందు పట్టుకోవాలి. అందుకు విజ్‌ట్రీ అనే ప్రోగ్రామ్ మంచిది, ఇంటి వాడకానికి ఉచితం. దాన్ని ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరిస్తే డిస్కులోని ఫైళ్ల పట్టికనే నేరుగా చదివి, కొద్ది సెకన్లలో పెద్దవి పైన, చిన్నవి కింద పేర్చి చూపిస్తుంది.

పైవరుసలో తరచుగా కనబడేది ‘హైబర్‌ఫిల్’. హైబర్నేట్ కోసం, అంటే చేస్తున్న పనిని డిస్కులో దాచి కంప్యూటర్ పూర్తిగా ఆగిపోవడం కోసం, విండోస్ అట్టేపెట్టుకున్న ఫైలు ఇది. దీని సైజు మామూలుగా ర్యామ్ సైజులో 40 శాతం ఉంటుంది, అంటే 16 జీబీ ర్యామ్‌కి 6 జీబీ పైమాటే. దీన్ని డిలీట్ కొడితే పోదు. ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లీషులో ‘పవర్’ అనే మాట, దానికి ఆనించి సి, ఎఫ్, జి అక్షరాలు, ఒక ఖాళీ, స్లాష్, హెచ్, మళ్లీ ఖాళీ, ‘ఆఫ్’ టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఫైలు అప్పుడే మాయమవుతుంది. దాంతోపాటు కంప్యూటర్‌ని త్వరగా ఆన్ చేసే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది. డెస్క్‌టాప్‌కి ఫరవాలేదు. ల్యాప్‌టాప్‌కి మాత్రం నేను చేయమనను. స్లీప్‌లో ఉండగా బ్యాటరీ అయిపోతే సేవ్ చేయని పని పోతుంది.

విండోస్ కొత్త వెర్షన్‌కి మారిన వెంటనే చోటు తగ్గితే ‘విండోస్ డాట్ ఓల్డ్’ ఫోల్డర్ చూడండి. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే వీలు కోసం విండోస్ దీన్ని 10 రోజులు ఉంచుతుంది, తర్వాత తనే తీసేస్తుంది. అంతవరకు ఆగలేకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్లి ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్’కి టిక్ పెట్టండి. అదే జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ కూడా ఉంటుంది. దానికి పొరపాటున టిక్ పడితే ఆధార్ పీడీఎఫ్ దగ్గర్నుంచి పిల్లల హాల్ టికెట్ దాకా అన్నీ పోతాయి. రీసైకిల్ బిన్‌లోనూ దొరకవు.

డౌన్‌లోడ్స్‌ని డి డ్రైవ్‌కి మార్చేస్తే సి నిండిపోయే బెడద మళ్లీ మళ్లీ రాదు. ముందు డిలో కొత్త ఫోల్డర్ ఒకటి పెట్టండి. తర్వాత డౌన్‌లోడ్స్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్, ఆ కొత్త ఫోల్డర్. ఫోల్డర్ పెట్టకుండా ఉత్త డి డ్రైవ్‌నే ఎంచుకుంటే డ్రైవ్ మొత్తం డౌన్‌లోడ్స్ అయి కూర్చుంటుంది, దాన్ని వెనక్కి తిప్పడం పెద్ద తలనొప్పి.

విండోస్ ఫోల్డర్‌లో ‘విన్ఎస్ఎక్స్ఎస్’, ‘ఇన్‌స్టాలర్’ ఎంత పెద్దగా కనిపించినా చేత్తో ముట్టుకోకండి. మొదటిది పోతే అప్‌డేట్లు, ఒక్కోసారి విండోసే పనిచేయవు. రెండోది పోతే కొన్ని ప్రోగ్రాములు అప్‌డేట్ కావు, అన్‌ఇన్‌స్టాల్ కూడా కావు.

చేత్తో డిలీట్ చేసిన ఫైళ్లు రీసైకిల్ బిన్‌లో ఉన్నంతకాలం చోటు తిరిగి రాదు. ఒకసారి లోపల చూసుకుని, అవసరమైనవేవీ లేవనుకున్నాక ఖాళీ చేసి, విజ్‌ట్రీలో మళ్లీ స్కాన్ కొట్టండి.