పెన్న వెంట రెండు రోజులు: తాడిపత్రి, బెలుం, గండికోట

కడప జిల్లాలో పెన్న లోయ అంచున ఉన్న గండికోటకు మొదటిసారి వెళ్లేవాళ్లలో చాలామంది మిట్టమధ్యాహ్నం చేరతారు. పొద్దున బయల్దేరి, దారిలో టిఫిన్ చేసి, పన్నెండింటికి కోటలో దిగుతారు. నెత్తిన ఎండ, కాళ్ల కింద కాలే బండలు, ఎక్కడా చెట్టు నీడ ఉండదు. లోయలో రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. పిల్లలు అరగంటకే వాడిపోతారు. అక్కడి నుంచి బెలుం గుహలకు పరుగెత్తితే అవి మూసే వేళ అవుతుంది. ఇదే దారిని తిరగేసి వెళ్తే రెండూ తీరిగ్గా చూడొచ్చు. మేం అలాగే వెళ్లాం: మొదట తాడిపత్రి, తర్వాత బెలుం, సాయంత్రానికి గండికోట, రాత్రి బస అక్కడే, మర్నాడు ఉదయం కోట.

తాడిపత్రి గుంతకల్లు, రేణిగుంట మధ్య ప్రధాన రైలు మార్గంలో ఉంది. రైల్లో దిగి అక్కడే రెండు రోజులకు కారు మాట్లాడుకోవడం అందరికన్నా సుఖమైన పద్ధతి. ముందే మూడు చోట్ల పేర్లూ, రాత్రి బసా చెప్పి బేరమాడండి. డ్రైవర్ బత్తా, రాత్రి ఆగినందుకు అదనం ఎంతో అప్పుడే తేల్చుకోవాలి. సొంత కారైతే హైదరాబాద్ నుంచి కర్నూలు, బనగానపల్లె మీదుగా ముందు బెలుం వస్తుంది. అప్పుడు తాడిపత్రిని తిరుగు ప్రయాణానికి ఉంచుకోవచ్చు.

తాడిపత్రిలో ఉదయం ఏడింటికల్లా బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడికి వెళ్లండి. పెన్న ఒడ్డునే ఉంటుంది. గర్భగుడిలో లింగం అడుగున ఊట నీరు ఉంటుంది, దానివల్లే బుగ్గ అన్న పేరు. అసలు చూడవలసింది పూర్తికాని రెండు గోపురాలు. పైభాగం కట్టకుండా ఆగిపోయినా కింది రాతి అంతస్తుల మీద చెయ్యంత చోటు కూడా ఖాళీ వదలకుండా చెక్కారు. ఏటవాలు ఎండ పడే ఉదయం పూటే ఆ చెక్కడం లోతు తెలుస్తుంది, మధ్యాహ్నం అంతా చదునుగా కనిపిస్తుంది. ఊళ్లోనే ఉన్న చింతల వెంకటరమణస్వామి గుడిలో రాతి రథంలా కట్టిన గరుడ మండపం ఉంది. విజయనగర కాలంలో ఈ గుళ్లు కట్టించిన పెమ్మసాని నాయకులే గండికోటనూ ఏలారు. అందుకే ఈ ప్రయాణం ఇక్కడ మొదలుపెట్టడంలో అర్థం ఉంది. మధ్యాహ్నం గుళ్లు మూస్తారు కాబట్టి తొమ్మిదికల్లా ముగించి, ఉగ్గాని బజ్జీ తిని బయల్దేరాలి.

తాడిపత్రి నుంచి బెలుం సుమారు 30 కిలోమీటర్లు. రోడ్డుకు రెండు వైపులా నాపరాళ్ల పాలిష్ యూనిట్లు, సిమెంటు కర్మాగారాలు, లోడుతో వెళ్లే లారీలు. కారు అద్దాలు ఎత్తుకోండి, రాతి దుమ్ము కళ్లలో పడుతుంది. మన ఇళ్లలో పరిచిన నల్ల బండలు వచ్చేది ఇలాంటి సున్నపురాయి నుంచే. ఆ రాయినే నీళ్లు లక్షల ఏళ్లపాటు కొద్దికొద్దిగా కరిగిస్తూ పోతే బెలుం గుహలయ్యాయి. బిలం అన్న మాటే బెలుం అయిందంటారు.

గుహలు ఉదయం పదికి తెరుస్తారు. తెరిచే వేళకే లోపల ఉండాలి, ముఖ్యంగా సెలవు రోజుల్లో. రెండు బస్సుల జనం ముందు దిగితే ఇరుకు దారుల్లో ఉక్క భరించలేం. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు కిలోమీటరున్నర దాకా సందర్శకులను పంపుతారు. గుహ అనగానే చల్లగా ఉంటుందని అనుకుంటాం. బెలుంలో అలా ఉండదు. గాలి ఆడని చోటు, తేమ ఎక్కువ, పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. బయటి గాలిని గొట్టాల ద్వారా లోపలికి పంపుతారు. ఆ గొట్టం కనిపించిన ప్రతిచోటా రెండు నిమిషాలు నిలబడి ఊపిరి తీసుకుని ముందుకు వెళ్లండి.

దిగేముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. నీళ్లు తాగాలి, పిల్లలను మరుగుదొడ్డికి తీసుకెళ్లాలి, బరువు సంచులు కారులోనే వదలాలి. నూలు బట్టలు, పట్టు ఉన్న బూట్లు వేసుకోవాలి. చంటిపిల్లలను భుజాల మీద ఎక్కించుకుని వెళ్లొద్దు, కప్పు కిందికి వంగిన చోట పిల్లల తలకు తగులుతుంది. ఛాతీకి కట్టుకునే సంచీ అయితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కరెంటు పోయే అవకాశం ఉంటుంది కాబట్టి ఒక టార్చి తప్పనిసరి. ఉబ్బసం, గుండె జబ్బు, ఇరుకు చోట్లంటే భయం ఉన్నవాళ్లు లోతుకు వెళ్లకపోవడమే మంచిది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మొదటి మెట్లు దిగడమే ఒక పని, మళ్లీ అవే ఎక్కాలని ముందే చెప్పండి.

లోపల కోటిలింగాలు, పాము పడగల్లా కప్పునుంచి దిగిన వేయి పడగలు, ఊడలు దిగినట్టుండే మర్రిచెట్టు గది చూడాలి. అన్నిటికన్నా పాతాళగంగ. నేల మట్టం నుంచి 46 మీటర్ల లోతున, ఇరుకు మెట్ల కింద ఒక నీటి పాయ కనిపించి రాళ్ల మధ్య మాయమవుతుంది. అక్కడికి ఒకేసారి నలుగురైదుగురికి మించి దిగకూడదు. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఎదురుపడితే పక్కకు తప్పుకునే చోటు ఉండదు. పైనుంచి గట్టిగా అడిగి, కింద ఎవరూ లేరని తెలిశాకే మెట్టు దిగండి. సప్తస్వరాల గుహలో వేలాడే రాళ్లను తడితే మోగుతాయి. దయచేసి తట్టొద్దు. చేతి జిడ్డు, చెమట అంటిన చోట రాయి నల్లబడుతుంది, విరిగిన ముక్క మన కాలంలో మళ్లీ పెరగదు. ఈ గుహల గురించి 1884లోనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ రాశాడు. 1980ల మొదట్లో జర్మన్ గుహాన్వేషకులు కొలతలు తీశారు. వాళ్లు చూసినంత శుభ్రంగా మన పిల్లలూ చూడాలి కదా.

మొత్తం గంటన్నర చాలు. బయటికొచ్చాక వెంటనే ఏసీ కారెక్కకుండా పది నిమిషాలు నీడలో కూర్చుని, మజ్జిగో ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లో తాగండి. చాలామందికి తలనొప్పి వచ్చేది ఈ జాగ్రత్త తీసుకోకే.

బెలుం నుంచి గండికోట సుమారు 60 కిలోమీటర్లు, జమ్మలమడుగు మీదుగా. జమ్మలమడుగులో పెట్రోలు, నగదు, మందులు, రాత్రికి కావాల్సిన చిరుతిళ్లు అన్నీ తీసుకోండి. అక్కడి నుంచి కోట 15 కిలోమీటర్లే అయినా ఆ పైన కొట్లు పెద్దగా ఉండవు, ఫోను సిగ్నల్ నమ్ముకుని చేతిలో రూపాయి లేకుండా వెళ్తే ఇబ్బంది పడతారు. పర్యాటక శాఖ హరిత హోటల్ కోట బయట ఉంది. డిసెంబరు, జనవరి వారాంతాల్లో ముందే బుక్ చేసుకోకపోతే గది దొరకడం కష్టం. చేరగానే రాత్రి భోజనం ఎందరికో చెప్పేయండి. రాగిసంకటి, నాటుకోడి పులుసు కావాలంటే అప్పటికప్పుడు అయ్యే వంట కాదు.

సాయంత్రం నాలుగున్నర దాటాకే కోటలోకి. లోపల ఊరు ఉంది, మనుషులు కాపురం ఉంటున్నారు, ఇళ్ల ముందు కారు అడ్డంగా ఆపొద్దు. జుమ్మా మసీదు, దాని పక్కన ధాన్యాగారం దాటి బండల మీదుగా నడిస్తే లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది. తాడిపత్రి దగ్గర ఇసుక మేటలతో వెడల్పుగా పారే పెన్న, ఇక్కడ ఎర్రమల కొండల మధ్య సన్నబడి నిలువు గోడల కింద కనిపిస్తుంది. బెలుంలోలా ఇది కరిగే రాయి కాదు, క్వార్ట్‌జైట్, గట్టిది. కరగదు, పగుళ్ల వెంట పలకలుగా విరుగుతుంది. అందుకే గోడలు ఎవరో దిమ్మెలు పేర్చినట్టుంటాయి. అంచున నిలబడేవాళ్లు గుర్తుంచుకోవలసిందీ అదే: కాలి కింద ఉన్నది కొండ కాకపోవచ్చు, విడిపోయి ఊగే ఒక దిమ్మె కావచ్చు. అంచు పొడవునా కంచె ఉండదు. పిల్లల చెయ్యి వదలొద్దు, అంచుకు ఇద్దరు మనుషుల పొడవంత దూరంలో కూర్చుని చూడండి, ఫొటో తీస్తూ వెనక్కి నడవొద్దు. వాన పడ్డ రోజు బండలు జారతాయి, ఆ రోజు అంచు జోలికే పోవద్దు. సూర్యుడు దిగాక ఇరవై నిమిషాల్లో దారి కనిపించదు, తిరుగు దారిలో దీపాలను నమ్ముకోవద్దు. టార్చి మళ్లీ ఇక్కడ పనికొస్తుంది. కోతులకు సంచీలో తిండి ఉందని వాసన చాలు, జిప్పులు మూసి ఉంచండి.

మర్నాడు తెల్లవారకముందే మళ్లీ అదే చోటికి. మొదటి వెలుతురు పడ్డప్పుడు ఎర్ర గోడల రంగు పావుగంటలో మూడు సార్లు మారుతుంది. జంటగా వచ్చినవాళ్లకు ఇదే అసలు సమయం, ఆ వేళ జనం ఉండరు. తర్వాత తీరిగ్గా మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి చూడండి. రెండింటిలోనూ పూజలు లేవు. మాధవరాయ గోపురం నీడ పడమటి వైపు పడే ఉదయం వేళ అక్కడ కూర్చోవచ్చు. మసీదు, ధాన్యాగారం లోపల చల్లగా ఉంటాయి, ఎండ ముదిరాక చూడ్డానికి వాటిని చివర పెట్టుకోండి. 1650లో గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా ఈ కోట పట్టాడు. రెండేళ్లకు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే అతన్ని ఇక్కడే కలిశాడు. పిల్లలకు ఈ సంగతి గోడల మధ్య నిలబెట్టి చెబితే బాగా వింటారు.

పదికల్లా కోట దిగిపోవాలి. ముద్దనూరు స్టేషన్ దగ్గరే కానీ అక్కడ ఆగే రైళ్లు తక్కువ, ఎర్రగుంట్ల అయితే ఎక్కువ దొరుకుతాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి. మార్చి దాటితే పిల్లలతో వద్దు.