జిప్సీలో ఇంజెక్షన్ ఇంజన్: ట్యూనింగ్ ఎక్కడి దాకా వచ్చింది

పాత కార్బురేటర్ జిప్సీ కింగ్‌లోకి 16 వాల్వుల ఎంపీఎఫ్‌ఐ (ప్రతి సిలిండర్‌కూ విడి ఇంజెక్టర్‌తో పెట్రోలు చిమ్మే) ఇంజన్ ఎక్కింది. రెండూ 1298 సీసీ, ఒకే కుటుంబం. పాతది 60 హార్స్‌పవర్, కొత్తది 80. గేర్‌బాక్సు మార్చాల్సిన పని పడలేదు. ఆర్టీఏ అనుమతి, ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు ముందే చేయించాను. ఆ కాగితం లేకుండా బండిని రోడ్డెక్కించకూడదు.

ఈసీయూను (ఇంజన్ కంప్యూటర్‌ను) ట్యూన్ చేసే ల్యాప్‌టాప్ కన్నా ముందు పెట్రోలు ప్రెషర్ గేజ్ చేతికి రావాలన్నది నా గట్టి నమ్మకం. కార్బురేటర్‌కు అర బార్ కూడా అక్కర్లేదు. ఇంజెక్టర్ల దగ్గర మాత్రం, నేను పెట్టిన రెగ్యులేటర్‌తో, 3 బార్ నిలబడాలి. అది ఊగుతూ ఉంటే మ్యాప్‌లో, అంటే ఏ వేగానికి, ఏ లోడుకు ఎంత పెట్రోలో ఈసీయూకు చెప్పే పట్టికలో, ఏ అంకె వేసినా నిలవదు. దుందుభి వాగు గట్టు ఎక్కుతుంటే ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకు ఒరిగి, పంపు గాలి పీల్చి, ఇంజన్ ఆగిపోయేది. కార్బురేటర్‌లో ఫ్లోట్ చాంబర్ నిల్వ ఆ కాసేపు ఆదుకుంటుంది; ఇంజెక్షన్‌కు ఆ నిల్వ లేదు. అందుకే లీటరున్నర సర్జ్ ట్యాంకు పెట్టాం. చిన్న పంపు దాన్ని నింపుతుంది, పెద్ద పంపు దాని అడుగు నుంచి తోడుతుంది, రెగ్యులేటర్ వదిలిన పెట్రోలు మళ్లీ అందులోకే వస్తుంది, ఎక్కువైనది పై గొట్టం గుండా అసలు ట్యాంకుకు పోతుంది. ఇప్పుడు పావు ట్యాంకుతో అదే గట్టు ఎక్కినా గేజ్ ముల్లు కదలడం లేదు. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా సంతోషమిచ్చింది ఇదే.

"సెన్సర్ల ఎర్త్ అంతా ఒకేచోట కలుపు తమ్ముడూ" అన్నారు జడ్చర్ల మెకానిక్ అన్న. కలిపాక రీడింగుల వణుకు పోయింది. ఇంజన్ ఆపి తాళం తిప్పితే మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పీడనం కొలిచేది; పట్టిక మ్యాప్ వేరు) 95 కిలోపాస్కల్ చూపిస్తోంది. పాలమూరు సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అది సరైనదే. సముద్రమట్టం దగ్గరి 101 వస్తే క్యాలిబ్రేషన్ సరిచూసుకోవాలి.

గాలి-పెట్రోలు మిశ్రమాన్ని మామూలు పెట్రోలుకు చెప్పే 14.7 నిష్పత్తి లెక్కన కాకుండా లాంబ్డాలో (అసలు మిశ్రమం సరైన నిష్పత్తికి ఎన్ని రెట్లో చెప్పే అంకెలో) చూస్తున్నాను. బంకులో దొరికే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకు సరైన నిష్పత్తి 13.5 దగ్గర ఉంటుంది, లాంబ్డా 1 మాత్రం ఏ పెట్రోలుకైనా ఒకటే. నిలకడ వేగంలో 1.0, పూర్తి లోడులో 0.87 పెట్టాను. ఇసుకలో లో రేంజ్ గేరు, టైర్లలో 18 పీఎస్‌ఐ గాలి, 1500 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య భారీ లోడు: రహదారి మీద దాదాపు తగలని మ్యాప్ గడులివి. వాగు ఇసుకలో లాగ్ (నడుపుతుండగా రీడింగుల నమోదు) తీస్తే తప్ప ఇవి సరిగా నిండవు.

ఎండలో ఆపి మళ్లీ తిప్పితే గాలి ఉష్ణోగ్రత సెన్సర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ వేడినే గాలి వేడిగా చూపి పెట్రోలు తగ్గిస్తోంది. సెన్సర్‌ను ఎయిర్ ఫిల్టర్ గొట్టంలోకి మార్చాక హాట్ స్టార్ట్ బాగుపడింది.

మిగిలింది ఐడిల్, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం. రేడియేటర్ ఫ్యాన్ తిరగగానే 850 నుంచి 700 ఆర్‌పీఎంకు జారుతోంది. ఫ్యాన్ రిలే సంకేతాన్ని ఈసీయూకు ఇచ్చి, ఫ్యాన్ తిరిగే ముందే ఐడిల్ వాల్వును కాస్త తెరిపించాలి. వచ్చేవారం ఆ వైరింగే.