ఆ గీత ఏందో చెప్పండప్పా

మన అనంతపురం ఆర్ట్స్ కాలేజీ 1916లో మొదలైంది. అప్పట్లో దాని పేరు సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ. అదే సంవత్సరం అమెరికాలో జి.ఎన్. లూయిస్, జర్మనీలో వాల్తర్ కోసెల్ ఎవరికి వారుగా రసాయన బంధం మీద తమ ఆలోచనలను అచ్చువేశారు. ఒక పరమాణువు నుంచి ఇంకొక పరమాణువుకు ఎలక్ట్రాన్ పూర్తిగా మారిపోవడం గురించి కోసెల్ రాశాడు. రెండు పరమాణువులూ కలిసి పంచుకునే ఎలక్ట్రాన్ల జంట గురించి లూయిస్ రాశాడు. కాలేజీకీ వాళ్లకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా బీఎస్సీ మొదటి సంవత్సరంలో మా కెమిస్ట్రీ సారు ఈ పాఠాన్ని ఆ సంవత్సరంతోనే మొదలుపెట్టారు. "మన కాలేజీకి ఎంత వయసో ఈ పాఠానికీ అంతే వయసు" అన్నారు. ఆ మాటతో లూయిస్ మా ఊరి పెద్దమనిషి అయిపోయాడు.

హాస్టల్ గురించి, టవర్ క్లాక్ దగ్గరి సాయంత్రాల గురించి ఈ పూర్వ విద్యార్థుల సంచికలో రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నేను ఆ ఒక్క పాఠం గురించే రాస్తాను. ఉద్యోగమంతా నీళ్ల పరీక్షల ల్యాబులో గడిపినదాన్ని. నేను చేసిన పనిలో సగానికి పునాది ఆ పాఠమే.

మేం ఇంటర్మీడియట్‌లో రసాయన బంధం చదివే వచ్చాం. అష్టక నియమం (పరమాణువు బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు కుదరాలనేది), అయానిక బంధం (ఎలక్ట్రాన్ చేతులు మారేది), సమయోజనీయ బంధం (ఎలక్ట్రాన్లను పంచుకునేది), సంకరీకరణం, అన్నీ నోటికి వచ్చు. ఎనిమిది మార్కుల ప్రశ్న వస్తే నాలుగు పేజీలు నింపగలం. సారు ఇవేవీ అడగలేదు. బోర్డు మీద రెండు హెచ్‌లు రాసి, మధ్యలో సుద్దముక్కతో గీత గీసి, "ఆ గీత ఏందో చెప్పండప్పా" అన్నారు.

బంధం సార్ అన్నాం. బంధమంటే ఏమని అడిగారు. రెండు ఎలక్ట్రాన్లు సార్ అన్నాం.

"రెండు ఎలక్ట్రాన్లకూ నెగటివ్ చార్జే గదా. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. కేంద్రకాలు రెండూ పాజిటివే, అవీ నెట్టుకుంటాయి. అన్నీ నెట్టుకునేవే అయితే హైడ్రోజన్ అణువు ఎట్ల నిలబడింది?"

క్లాసులో ఎవరూ నోరు తెరవలేదు. ఆయన తొందరపెట్టలేదు. బోర్డు మీద ఒక గ్రాఫ్ గీశారు. అడ్డంగా రెండు పరమాణువుల మధ్య దూరం, నిలువుగా శక్తి. దూరంగా ఉన్నప్పుడు రేఖ చదునుగా ఉంది. దగ్గరికి వచ్చేకొద్దీ ఒక్కో ఎలక్ట్రాన్‌ను రెండు కేంద్రకాలూ లాగుతాయి కాబట్టి శక్తి దిగుతూ పోయింది. 74 పికోమీటర్ల (పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లో వంతు) దగ్గర అడుగు తాకింది. ఇంకా దగ్గరికి తోస్తే కేంద్రకాల వికర్షణ పెరిగి రేఖ నిట్టనిలువుగా లేచింది. మోలుకు 436 కిలోజౌళ్ల లోతున్న ఆ గుంటను చూపించి, "మీరు గీసే గీత ఇదీ" అన్నారు. ఈ సంగతిని క్వాంటం లెక్కలతో మొదట తేల్చింది హైట్లర్, లండన్ అనే ఇద్దరు, 1927లో. లెక్కలోకి ఆయన మమ్మల్ని తీసుకుపోలేదు. ఆ గ్రాఫ్‌ను మాత్రం సంవత్సరమంతా వదల్లేదు. బంధ దూరం అంటే గుంట అడుగు ఎక్కడుందో. బంధ శక్తి అంటే గుంట ఎంత లోతో. రెండు నిర్వచనాలు బట్టీపట్టే పని తప్పింది.

ఆ గ్రాఫ్ నుంచే ఇంకో మాట పుట్టింది. బంధం తెంచాలంటే ఎప్పుడూ శక్తి పెట్టాలి, బంధం ఏర్పడితే ఎప్పుడూ శక్తి బయటికి వస్తుంది. వినడానికి చిన్న సంగతే. కానీ "బంధాల్లో శక్తి దాగి ఉంటుంది, తెగితే బయటపడుతుంది" అని నమ్మేవాళ్లు నాకు డిగ్రీలున్నవాళ్లలో కూడా కనిపించారు. గ్యాస్ పొయ్యి మంటకు వేడి మీథేన్ బంధాలు తెగడం వల్ల రాదు. ఆ తెగేదానికి ఖర్చే. కార్బన్ డైఆక్సైడ్, నీళ్లు ఏర్పడేటప్పుడు వాటి బలమైన బంధాల వల్ల అంతకన్నా ఎక్కువ శక్తి తిరిగి వస్తుంది. మిగిలిందే మంట. ఈ ఒక్క విషయం సరిగ్గా కుదిరితే థర్మోకెమిస్ట్రీ సగం వచ్చినట్టేనని నా అభిప్రాయం.

ఉప్పు పాఠం ఇంకా గుర్తుంది. సోడియం ఎలక్ట్రాన్‌ను ఎందుకు వదులుతుందని అడిగితే వెనక బెంచీ అబ్బాయి "ఎనిమిది కావాలని సార్" అన్నాడు. "కావాలని సోడియం నీతో చెప్పిందా నాయనా?" అని సారు నవ్వి, అంగడి పద్దు రాసినట్టు బోర్డును రెండు భాగాలు చేశారు. ఖర్చు వైపు: ఘన సోడియంను ఆవిరి చేయడానికి 108 కిలోజౌళ్లు, క్లోరిన్ అణువును విడదీసి ఒక మోలు పరమాణువులు తేవడానికి 121, సోడియం నుంచి ఎలక్ట్రాన్ లాగడానికి 496. మొత్తం 725. జమ వైపు: క్లోరిన్ ఎలక్ట్రాన్‌ను తీసుకున్నప్పుడు వచ్చేది 349. "ఇక్కడికి ఆపితే ఏమైందప్పా?" అన్నారు. నష్టం. ఎలక్ట్రాన్ చేతులు మారినంత మాత్రాన ఉప్పు తయారుకాదు, రెండింటికీ ఎనిమిది కుదిరినా సరే. ఆ తర్వాత జమలో చివరి పద్దు వేశారు: జాలక శక్తి, 788. అయాన్లు వరుసగా పేర్చుకుని, ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు చేరినప్పుడు వచ్చే శక్తి అది. జమ 1137, మిగులు 412. పుస్తకంలో ప్రయోగం ద్వారా కనుక్కున్న విలువ 411. ఒక కిలోజౌల్ తేడాతో లెక్క సరిపోయినప్పుడు క్లాసంతా ఒక్కసారి కదిలింది.

ఆ పద్ధతి 1919లో బోర్న్, హేబర్ అనేవాళ్లు వేసినదని తర్వాత చెప్పారు. ఉప్పులో "ఒక అణువు" అనేది విడిగా ఎక్కడా లేదని, స్ఫటికం మొత్తమే ఒక నిర్మాణమని నాకు ఆరోజు తెలిసింది. అష్టక నియమాన్ని ఆయన తీసిపారేయలేదు. ఎలక్ట్రాన్లు ఎక్కడ ఉండొచ్చో త్వరగా ఊహించడానికి పనికొస్తుంది, ఎందుకు ఉన్నాయో అది చెప్పదు అనేవారు. దానికి లొంగనివీ ఉన్నాయి. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో సల్ఫర్ చుట్టూ ఆరు బంధాలు, అంటే పన్నెండు ఎలక్ట్రాన్లు, ఎనిమిది కాదు. జడవాయువు అనుకున్న జినాన్‌తో 1962లో నీల్ బార్ట్‌లెట్ సమ్మేళనం చేసి చూపించాడు. ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లను చుక్కలుగా పెట్టి బొమ్మ వేస్తే అన్నీ జంటలే కనిపిస్తాయి, కానీ ద్రవ ఆక్సిజన్ అయస్కాంతానికి అతుక్కుంటుంది. అంటే జంట కుదరని ఎలక్ట్రాన్లు అందులో ఉన్నాయి; అది చెప్పడానికి, ఎలక్ట్రాన్లు అణువంతటా పరుచుకుంటాయనే అణు ఆర్బిటాల్ సిద్ధాంతం కావాలి. ఈ మూడూ ఆయన గబగబా చెప్పి ముందుకు వెళ్లారు. నేనూ అంతే చేస్తాను.

లూయిస్ తన ఘనాకార పరమాణువుల బొమ్మను మొదట వేసుకున్నది 1902లో, కొత్తగా కెమిస్ట్రీ మొదలుపెట్టిన పిల్లలకు ఆవర్తన నియమం చెప్పే ప్రయత్నంలో. ఎనిమిది మూలల్లో ఎనిమిది ఎలక్ట్రాన్లు. రెండు ఘనాలు ఒక అంచును పంచుకుంటే ఏకబంధం, ఒక ముఖాన్ని పంచుకుంటే ద్విబంధం. త్రిబంధానికి ఆ బొమ్మలో దారి లేదు. అందుకే 1916 నాటికి మూలలు పోయి జంటలు వచ్చాయి. సారు ఈ కథను ఇష్టంగా చెప్పేవారు. పిల్లలకు అర్థమయ్యేలా చెప్పబోయి ఒక మనిషి కొత్త శాస్త్రం కనిపెట్టాడన్నది ఆయనకు గొప్ప సంగతి. నాకూ అంతే.

అణువుల ఆకారాలకు బెలూన్లు తెచ్చారు. నాలుగు బెలూన్లను మూతుల దగ్గర కలిపి కడితే, ఎవరూ సర్దకుండానే చతుర్ముఖీయంగా నిలబడ్డాయి. మూడు కడితే సమతల త్రిభుజం, రెండైతే సరళరేఖ. ఎలక్ట్రాన్ జంటలు ఒకదానికొకటి వీలైనంత దూరం జరుగుతాయన్న ఈ సిద్ధాంతానికి గిలెస్పీ, నైహోమ్ 1957లో స్పష్టమైన రూపం ఇచ్చారు. ఆ తర్వాత నాలుగింటిలో ఒక బెలూన్‌ను తీసి ఇంకా పెద్దగా ఊదిన దాన్ని కట్టారు. మిగతా మూడూ కొంచెం దగ్గరికి జరిగాయి. ఆ పెద్దది ఒంటరి జంట, అంటే బంధంలో లేని ఎలక్ట్రాన్ల జంట. మీథేన్‌లో కోణం 109.5 డిగ్రీలు, ఒక ఒంటరి జంట ఉన్న అమోనియాలో 107, రెండున్న నీటిలో 104.5. ఈ మూడు అంకెలను బట్టీపట్టిన మాకు అవి వరసగా ఎందుకు తగ్గుతాయో కళ్ల ముందు కనిపించింది. ఎలక్ట్రాన్ జంటలు బెలూన్లు కావు, గాలికి బదులు ఆర్బిటాళ్లుంటాయి అని ఆయనే వెంటనే అన్నారు. మోడల్‌ను చూపించిన చేత్తోనే దాని హద్దు కూడా చూపించడం ఆయన అలవాటు.

ఆకారం తెలిస్తే ఏమొస్తుంది అని మాలో ఒకమ్మాయి అడిగింది. సారు అమోనియా, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ రెండూ రాశారు. రెండూ పిరమిడ్లే. ఫ్లోరిన్ రుణవిద్యుదాత్మకత, అంటే ఎలక్ట్రాన్లను లాక్కునే గుణం, అన్నిటికన్నా ఎక్కువ కాబట్టి రెండోదాని ద్విధ్రువ భ్రామకం, అంటే అణువులో చార్జ్ ఒక పక్కకు ఒరిగిన కొలత, పెద్దదై ఉండాలనుకుంటాం. తీరా చూస్తే అమోనియాది 1.47 డిబై, రెండోది 0.23. అమోనియాలో బంధాల ద్విధ్రువాలూ ఒంటరి జంటదీ ఒకే దిక్కు. రెండోదాంట్లో ఎదురెదురు. బంధాలు ఎంత బలంగా లాగాయన్నది ఒక్కటే చాలదు, ఏ దిక్కుకు లాగాయో కూడా కావాలి.

మాది ఉరవకొండ దాటినాక వజ్రకరూరు పక్క పల్లె. తొలకరి పడితే చేలల్లో జనం వంగి నడుస్తుంటారు, చెనిక్కాయ విత్తడానికి కాదు, వజ్రం మెరుస్తుందేమోనని. అక్కడి కింబర్లైట్ శిలలు భూమి లోతుల నుంచి వజ్రాలను మోసుకొచ్చినవి. ఆ సంగతి తెలిసి సారు నన్ను లేపి, "మీ ఊరి రాయి గురించి చెప్పమ్మా" అన్నారు. వజ్రంలో ప్రతి కార్బన్‌కూ నాలుగు బంధాలు, 154 పికోమీటర్ల దూరంలో, నలుదిక్కులా. గ్రాఫైట్‌లో కార్బన్లు పొరలు పొరలుగా ఉంటాయి, పొరలో ఒక్కోదానికి మూడే బంధాలు, 142 పికోమీటర్లు. అంటే పొరలో గ్రాఫైట్ బంధాలే పొట్టివి, గట్టివి. పొరకూ పొరకూ మధ్య మాత్రం 335 పికోమీటర్లు, అక్కడ పట్టు బలహీనం. పెన్సిల్ రాసేది అందుకే. మామూలు పీడనంలో గ్రాఫైటే స్థిరమైనది, మోలుకు రెండు మూడు కిలోజౌళ్ల తేడాతో. మరి మా ఊరి వజ్రం గ్రాఫైట్‌గా ఎందుకు మారిపోలేదు? మారాలంటే ముందు ఆ గట్టి బంధాలు తెగాలి, తెంచే ఖర్చు పెట్టేవాళ్లు లేరు. మొదటి రోజు గ్రాఫ్ మళ్లీ పనికొచ్చింది.

తాడిపత్రి బండల మీద చింతపండు పులుసు పడితే మచ్చ ఎందుకు పడుతుందో కూడా ఆ పాఠంలోనే తెలిసింది. ఆ బండ ఎక్కువగా కాల్షియం కార్బనేట్, పులుసులోని ఆమ్లం దాన్ని తినేస్తుంది. కాల్షియంకూ కార్బనేట్‌కూ మధ్య అయానిక బంధం. కార్బనేట్ లోపల కార్బన్‌కూ ఆక్సిజన్లకూ సమయోజనీయ బంధాలు. కాగితం మీద ఒక ద్విబంధం, రెండు ఏకబంధాలు గీస్తాం. కొలిచి చూస్తే మూడూ సమానం, దాదాపు 129 పికోమీటర్లు. ఒకే రాయిలో రెండు రకాల బంధాలున్నాయన్నది చాలామంది విద్యార్థులకు అందదు. బట్టీలో 900 డిగ్రీల దగ్గర తెగేది కార్బనేట్ లోపలి బంధం, సున్నం మిగిలి కార్బన్ డైఆక్సైడ్ పోతుంది.

ఉద్యోగంలో నేను రోజూ చూసింది ఫ్లోరైడ్‌ను. మన జిల్లా బోరు నీళ్లలో దాని బాధ తెలియనివాళ్లు లేరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. పళ్లలో, ఎముకల్లో ఉండే అపటైట్ అనే ఖనిజంలో హైడ్రాక్సైడ్ అయాను స్థానంలోకి దాదాపు అంతే పరిమాణమున్న ఫ్లోరైడ్ దూరిపోతుంది. దాన్ని కొలవడానికి మేం వాడిన స్పాడ్‌న్స్ పద్ధతిలో ఎర్రటి రంగు ద్రావణం ఉంటుంది. ఆ రంగు జిర్కోనియం అనే లోహం, ఒక డై (రంగు పదార్థం) కలిసిన సంక్లిష్టానిది. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే అది తన ఒంటరి జంటలతో జిర్కోనియంను గట్టిగా పట్టుకుని డై నుంచి లాగేస్తుంది. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే రంగు అంత వెలుస్తుంది. పంచుకునే జంటను ఒక వైపే ఇచ్చే సమన్వయ సమయోజనీయ బంధం అని పరీక్షలో రాసింది అక్కడ గాజు గొట్టంలో కనిపించేది. కొత్తగా చేరిన పిల్లలకు రీడింగ్ తీయడం నేర్పే ముందు నేను ఈ సంగతి చెప్పేదాన్ని. చెప్పిన తర్వాత వాళ్లు నీళ్లలో అల్యూమినియం ఉందేమోనని వాళ్లంతట వాళ్లే అడిగేవాళ్లు, ఎందుకంటే అదీ ఫ్లోరైడ్‌ను పట్టుకుని రీడింగ్‌ను తగ్గించి చూపిస్తుంది.

పూర్వ విద్యార్థుల నిధి నుంచి కెమిస్ట్రీ విభాగానికి ఏమివ్వాలని కమిటీవాళ్లు అడుగుతున్నారు. ప్రొజెక్టర్లు ఇప్పటికే ఉన్నాయి. మొదటి సంవత్సరం పిల్లలు ఇద్దరిద్దరికి ఒకటి చొప్పున అణు నమూనాల పెట్టెలు కొనాలని నేను కోరుతున్నాను. వాటితోపాటు ఒక రాళ్ల ట్రే: తాడిపత్రి బండ ముక్క, గ్రాఫైట్ ముక్క, ఉప్పు పెద్ద స్ఫటికం, మంగంపేట బెరైటీస్. ఆ బేరియం సల్ఫేట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 4.5 గ్రాములు, పిల్లలు చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలుస్తుంది. పులివెందుల రాతినారను (ఆస్బెస్టాస్) కూడా పెట్టొచ్చు, సిలికేట్ పొర గొట్టంలా చుట్టుకుని నారగా మారిన దానికి అంతకన్నా మంచి ఉదాహరణ మన దగ్గర లేదు. కానీ ఆ నార ఊపిరితిత్తులకు ప్రమాదం. సీలు వేసిన గాజు సీసాలోనే ఉండాలి, ఎవరూ తెరవకూడదు. ఖర్చులో నా వంతు ఇస్తానని కమిటీకి ముందే చెప్పాను. బెరైటీస్ ముక్క కూడా నేనే తెస్తాను.